గంగులప్ప మడికి తొలి తడి

వినే ఓపిక ఉంటే చెప్తాను. మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలం. ఏటి ఇసుకలో ఊట తవ్వి, ఆ నీళ్ళను కాలువలో పారించి రాగులు పండించుకునే ఊరొకటి ఉండేది. మళ్ళకు నీళ్ళు కట్టే నీరుగంటి పేరు గంగులప్ప. ఆయనకున్నదల్లా ఒక పార, ఒక భార్య, కాలువ చివర ఏనాడూ సరిగా నీళ్ళందని ఒక చిన్న మడి.

భార్య మాలక్కకు ఒకటే ఆశ. సొంత మడి రాగులతో ఒక్కసారి సంగటి కెలకాలని. ఏటా ఎవరో కొలిచిన గింజలే తినేది పాపం.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊట సన్నగిల్లింది. అందరికీ తలా కాస్త పంచితే ఎవరికీ పండదని గంగులప్పకు తెలుసు.

"పైరు పొట్టకొచ్చినప్పుడు ఒక్క తడి అందితే కంకి నిలుస్తాది. ఏ మడి పొట్టకొస్తే ముందు దానికే నీళ్ళు" అన్నాడు.

పెద్ద రైతులు సణిగారు. సణిగితే ఏం, పార ఆయన చేతిలో ఉంది!

ఎగువ మడి పొట్టకొచ్చింది. దానికి నీళ్ళు కట్టాడు.

"మన మడికెప్పుడయ్యా?" అంది మాలక్క.

"వస్తాదిలేమ్మే."

నడిమి మడి పొట్టకొచ్చింది. దానికీ కట్టాడు.

"మన మడికెప్పుడయ్యా?"

"వస్తాదిలేమ్మే."

మూడోసారి వాళ్ళ మడే పొట్టకొచ్చింది. అదే పొద్దు పక్కనున్న ఓబయ్య మడీ వచ్చింది. ఉన్న నీళ్ళు ఒక్క మడికే సరి. ఓబయ్యకూ గంగులప్పకూ మాటల్లేక మూడేళ్ళు.

"ఈ తూరి మనకేనయ్యా" అంది మాలక్క.

గంగులప్ప పార తీసుకుని గట్టెక్కాడు. "పార పట్టినోడే ముందు తడుపుకుంటే రేపు నా మాట ఎవరింటారుమ్మే?" అని నీళ్ళు ఓబయ్య మడికి తిప్పాడు. నాకైతే చేతులొచ్చేవి కావు.

గంగులప్ప మడి ఎండిపోయింది. ఆ ఎండల్లోనే జ్వరమొచ్చి ఆయనా పోయాడు.

కోతలయ్యాక ఊరంతా మాలక్క ఇంటికి రాగులు మోసుకొచ్చింది. అందరికంటే ముందొచ్చిన ఓబయ్య గడపలో కూలబడి ఏడ్చాడు. మాలక్క గింజ ముట్టలేదు.

"ఇవి ఆయన మడివి కావు కదా నాయనా. ఆ మడి ఒక్కసారి తడిస్తే చూడాలనుంది" అంది.

ఊటలో మిగిలినవి తాగడానికి కడవలకు నింపుకోవాల్సిన నీళ్ళు. వాటినే ఆ మడికి పారించారు. ఎండిన దంట్లకు నీళ్ళెందుకన్నవాడు ఒక్కడూ లేడు. మట్టి నల్లబడేదాకా మాలక్క గట్టు మీద నిలబడి చూసింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏటా తొలి తడి ఆ మడికే. పార పట్టేది ఓబయ్య ఇంటివాళ్ళు. తమ మడికి అందరికంటే చివర కట్టుకుంటారు. ఏ ఏడైనా తమదాకా నీళ్ళు రాకపోతే గొణగరు.

"గంగులప్ప తాగినాడులే" అంటారు.