గడీకి పోయిన పీటలు

ఊ కొట్టండి, చెబుతాను. మన ముత్తాతల ముత్తాతలు ఇంకా పాకుతున్నప్పటి మాట. ఎర్రమట్టి ఊళ్ళో మోనాచారి అనే వడ్రంగి ఉండేవాడు. నాగళ్ళు చేసేవాడు, బండిచక్రాలు చేసేవాడు, అయినదానికీ కానిదానికీ కోపం తెచ్చుకునేవాడు.

ఆ ఊరి దొర, ఊళ్ళో కాస్త ఎదిగిన పిల్లల కోసం బడి పెట్టాడు. మోనాచారిని పిలిపించి, "రేపటి సంది వీళ్ళకు కొయ్యపని నేర్పు" అన్నాడు. దొర మాట కాదనేదెవరు?

మోనాచారి అంతకుముందు ఎవరికీ ఏదీ నేర్పలేదు. మొదటిరోజు ఒకడు రంపం వంకరగా లాగాడు. కసిరి, లాక్కుని, తనే కోశాడు. ఇంకొకడు ఉలి తప్పుగా పట్టాడు. కసిరి, లాక్కుని, తనే చెక్కాడు. మూడోది లచ్చవ్వ అనే పిల్ల. ఆమె చేతిలో బాడిసె లాక్కోబోతే వదల్లేదు.

"అన్నీ నువ్వే చేస్తే మేమెప్పుడు నేర్చుకోవాలె తాతా?"

మోనాచారికి ఒళ్ళు మండింది. అయినా బాడిసె వదిలేశాడు.

మర్నాటి నుంచి చేతులు వెనక్కి పెట్టుకుని నోటితోనే చెప్పాడు. పిల్లలు చెడగొట్టారు, మళ్ళీ చేశారు. చివరికి తమ చేలగట్ల మీది తుమ్మమొద్దులు తెచ్చుకుని, అమ్మలకని పీటలు చేశారు.

దొర గుమస్తా వచ్చాడు. "బడి దొరది. బళ్ళె చేసింది దొరది" అని పీటలన్నీ దొర ఉండే గడీకి మోయించుకుపోయాడు. మోనాచారి పళ్ళు కొరికాడు, ఊరుకున్నాడు.

పిల్లలు రోకళ్ళు చేశారు. "బడి దొరది. బళ్ళె చేసింది దొరది." రోకళ్ళూ పోయాయి. మోనాచారి పళ్ళు కొరికాడు, ఊరుకున్నాడు.

మూడోసారి లచ్చవ్వ ఉయ్యాల చేసింది. నేలమీద పడుకోబెడితే ఆమె చిన్నతమ్ముణ్ణి చీమలు కుడుతున్నాయి మరి. గుమస్తా వచ్చాడు. "బడి దొరది..." అంటూ ఉయ్యాల మీద చెయ్యేశాడు.

మోనాచారి ఆ చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు.

"తుమ్మ పిల్లలది. చెమట పిల్లలది. పని నేర్పుమంటే వచ్చిన. పోరగాండ్లతోటి వెట్టి చేయించనీకి రాలే. తియ్, చెయ్యి!"

పిల్లల్ని వెంటేసుకుని నేరుగా గడీలోకి నడిచాడు. దొర చుట్టాలు పీటల మీద కూర్చుని భోంచేస్తున్నారు.

"లేవుండ్రి. ఇవి వీళ్ళ తల్లులవి."

దొర నవ్వాడు. "ఎవరనుకుంటున్నవ్‌రా నువ్వు?"

"ఈ పిల్లల పంతుల్ని."

దొర మనుషులు అతని మీద పడ్డారు. కుడిచెయ్యి విరిచారు. ఆ గలాటాలో పిల్లలు దొరికిన పీట దొరికినట్టు లాక్కుని ఇళ్ళకు పరుగెత్తారు.

చెయ్యి మళ్ళీ అతకలేదు. మోనాచారి మళ్ళీ ఉలి పట్టలేదు. దొర బడికి ఒక్క పిల్లా పోలేదు. అందరూ మోనాచారి కొట్టం ముందు చేరారు, అక్కడే నేర్చుకున్నారు. దొర మూడుసార్లు కబురు పెట్టాడు, అయిందేదో అయింది బడికి రమ్మని. మూడుసార్లూ మోనాచారి కబురు తెచ్చినవాడి మొహం మీదే తలుపేశాడు. ఆ కోపం చల్లారకుండానే ఒకనాడు కన్నుమూశాడు. పాడె పిల్లలే కట్టారు.

ఇప్పటికీ ఆ దిక్కున కొయ్యపని నేర్చుకునే పిల్లలు తాము చేసిన మొదటి వస్తువును ఇంటికే తీసుకుపోతారు. ఎంత పెద్దవాళ్ళు చెయ్యి చాచినా ఇవ్వరు. "ముందువోయి మా పంతుల్ని అడుగు" అంటారు.

ఆ పంతులు ఏనాడో మట్టిలో కలిశాడు. అయినా సరే, అడుగుతానని ఒక్కడూ ముందుకు రాలేదు ఇంతవరకూ.