రాజుగారి వంతు ఏడుపు

ఒకానొక రాజ్యంలో ఏడవడం కూడా ఒక ఉద్యోగమే. నవ్వకండి, నిజంగానే. ఆ ఉద్యోగంలో ఉన్నవాడి పేరు కేసన.

ఆ రాజవంశంలో ముత్తాతల నాడు ఒక రాజు యుద్ధభూమిలో తమ్ముడి శవం మీద పడి ఏడుస్తుంటే, శత్రువులు వెనకనుంచి వచ్చి కోట పట్టుకున్నారట. అప్పటినుంచి 'రాజు కన్ను తడిస్తే కోటగోడ నానుతుంది' అని ఒక మాట పుట్టించి, రాజు ఏడవకూడదని కట్టుబాటు చేశారు. మరి అంతఃపురంలో ఎవరైనా పోతేనో? అందుకే కొలువులో ఒక మనిషిని పెట్టారు. అతను ఉత్తరీయపు చెంగు రాజుగారి పాదాలకు తాకించి, "ఏలినవారి తరఫున" అని పలికి, సభ మధ్యలో చతికిలబడి బావురుమనేవాడు. రాజుగారు మీసం మీద చెయ్యి వేసుకుని చూస్తూ కూర్చునేవారు.

కేసన మాటకారి. మామూలు రోజుల్లో సభను నవ్వించడం, చావు వచ్చిననాడు ఏడవడం, రెండూ అతని పనే.

అప్పుడు ఏలుతున్న రాజు విజయకేతనుడు. ఆయన బిరుదులు చదివేసరికి వందిమాగధుల గొంతు ఎండిపోయేది. కట్టుబాటు అంటే ఆయనకు ప్రాణం. రాణిగారు పురిట్లోనే పోతే, మిగిలిన ఒక్కగానొక్క కూతురు కువలయ. పాలపళ్లైనా ఊడని ఆ పిల్ల విషజ్వరం వచ్చి పోయింది. పసిపిల్ల గనక దహనం చెయ్యలేదు, కోటవెనక తోటలో పూడ్చిపెట్టారు.

కేసన ఆ పిల్లను భుజాలమీద ఎక్కించుకుని తిప్పినవాడు. రాజుగారి తరఫున అని మొదలుపెట్టాడే గాని, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చిన ఏడుపంతా తనదే. ఇంటికి వెళ్లి పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. రాజుగారు మాత్రం కన్ను చెమర్చకుండా సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు. ఆ సాయంత్రమే ఆయనకు ఎడమ కణతలో పోటు మొదలైంది.

పార్శ్వపు నొప్పి. ఆయన తల్లికీ ఉండేదట. వయసులో ఆయనకూ అప్పుడప్పుడు వచ్చి పోయేది. ఇప్పుడు వచ్చిందంటే వారాల తరబడి పోవడం లేదు. సగం తలను ఎవరో లోపలినుంచి పారతో తవ్వుతున్నట్టుండేది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, మల్లెపూల వాసన వేస్తే వాంతి. కిటికీలకు నల్లకంబళ్లు కట్టించుకుని, ఆ చీకట్లో పళ్లు బిగబట్టుకుని పడుకునేవారు.

రాజుగారికి నొప్పి వస్తే ఊరి నోరు మూయించేవారు. దంపుళ్లు ఆగిపోయేవి. గుడిగంట నాలుకకు గుడ్డ చుట్టేవారు. ఎద్దుల మెడలో మువ్వలు తీసేసేవారు. పసిబిడ్డ గుక్కపెడితే తల్లి వణుకుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. గట్టిగా దగ్గిన పాపానికి ఒక ముసలివాణ్ణి ఖైదులో వేశారు. ఊరంతా చావింటిలా ఉండేది. అసలు చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తకూడదు.

ఆస్థాన వైద్యుడు నారణభట్టు. శొంఠి అరగదీసి పట్టు వేశాడు, తలకు తైలం మర్దించాడు, ముక్కులో నస్యం వేశాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నస్యం ఘాటుకు నొప్పి రెండింతలైంది. రాజుగారి కోపం అరికాలినుంచి నెత్తికెక్కింది.

"రేపు కొలువులో ఆఖరి మందు ఇయ్యి. నా తలనొప్పి పోవాలి. అది పోకపోతే నీ తల పోతుంది!"

ఆ మధ్యాహ్నం భట్టు నేరుగా కేసన ఇంటికి వచ్చి అరుగుమీద కూలబడ్డాడు.

"ఇంటిదానికి ఇంకా చెప్పలేదయ్యా కేసనా. చెప్పడానికి నోరు రావడం లేదు."

"మందే లేదా భట్టుగారూ ఆ రోగానికి?"

"మందు లేకేం? రోగం నిజమే, తల్లినుంచి వచ్చింది. కాని నా మందు నిప్పుమీద నీళ్లు చల్లుతుంటే, దుఃఖం పక్కన కూర్చుని గొట్టంతో ఊదుతోంది. ఆపైన నొప్పి వస్తుందేమోనని ఆయనకు భయం. భయపడితే నొప్పి, నొప్పి వస్తే కోపం, కోపం వస్తే మళ్లీ నొప్పి. నేనెంతకని చల్లను?"

"ఆ మాట రాజుగారితో అనకపోయారా?"

"అన్నాను. 'నాకు దుఃఖమేమిటి? ఉన్నదంతా కేసన ఏడ్చేశాడుగా' అన్నారు."

ఆ మాట కేసనకు గుండెలో ముల్లులా దిగింది. తన ఏడుపును మెచ్చుకుని ఊళ్లోవాళ్లు దండాలు పెడితే మురిసిపోయినవాడు అతను. ఒక తండ్రి ఏడుపును తాను లాక్కున్నాననీ, దానికి ఈ ముసలి బ్రాహ్మడి తల పోబోతోందనీ తలుచుకుంటే ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు కొలువుకూటంలో తెరలు దించారు. రాజుగారు తలకు తడిగుడ్డ బిగించుకుని, ఎడమకన్ను సగం మూసుకుని కూర్చున్నారు. గుమ్మం దగ్గర తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. భట్టు కషాయం గిన్నె పట్టుకొచ్చాడు.

కేసన లేచాడు. ఉత్తరీయపు చెంగు రాజుగారి పాదాలకు తాకించి, "ఏలినవారి తరఫున" అని, భట్టు చేతిలో గిన్నె లాక్కుని గటగటా తాగేశాడు. చేదుకు మొహం వంకర్లు తిరిగింది. సభలో నవ్వు వచ్చినవాళ్లు కండువాలు నోట్లో కుక్కుకున్నారు.

"ఏమిట్రా ఇది!" అని రాజుగారు అరిచి, ఆ అరుపుకు తానే కణత పట్టుకున్నారు.

"కషాయం ప్రభూ. వేపాకే నయం. ఏలినవారు తప్పించుకున్నారు. నొప్పి తగ్గిందా?"

"నువ్వు తాగితే నాకెలా తగ్గుతుందిరా, మూర్ఖుడా?"

"తగ్గలేదా!" కేసన నిజంగా విస్తుపోయినట్టు చూశాడు. "ఏలినవారి తరఫున నేను ఏడిస్తే దుఃఖం పోయిందన్నారు. అదే నోటితో మందు తాగితే నొప్పి ఎందుకు పోదు? పోయిందంటే భట్టుగారు గెలిచినట్టే, ఇంటికి పంపెయ్యండి. పోలేదంటే ఆ మందు ఏలినవారి గొంతు దిగనేలేదు, భట్టుగారి తప్పేముంది? ఎటు చూసినా ఆయన తల ఆయనదే."

రాజుగారు పళ్లు కొరికారు.

ఇక్కడితో ఊరుకుంటే కేసన ప్రాణానికి హాయి. అయినా ఊరుకోలేదు.

"ఇంకొక్కమాట ప్రభూ. నేను తాగిన మందు మీకు పట్టలేదంటే, నేను ఏడ్చిన ఏడుపూ మీకు పట్టలేదు. చిన్నమ్మగారికి నా ఏడుపు అందింది. నాన్నగారిది ఇంకా అందలేదు."

రాజుగారి చెయ్యి కత్తి పిడిమీదికి పోయింది.

"ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదన్నారు పెద్దలు" అన్నారు నెమ్మదిగా.

"అందుకేగా నన్ను ఇన్నాళ్లూ ఎవరూ నమ్మలేదు. ఈ ఒక్కపూట నమ్మండి."

రాజుగారు వైద్యుడివైపు తిరిగారు. "భట్టూ, ఏడిస్తే ఈ నొప్పి పోతుందా?"

ఔనంటే చాలు, బతికిపోతాడు. ఆ మహానుభావుడు బుర్ర గోక్కున్నాడు.

"చెప్పలేను మహాప్రభూ. ఇవాళ్టికి ఇంకాస్త ఎక్కువ కావచ్చు కూడా."

కేసన నెత్తి కొట్టుకున్నాడు. రాజుగారు భట్టును తేరిపార చూసి, ఒక్కసారి పకపకా నవ్వారు. "తలారి ఎదుట నిలబడి కూడా ఒక్క అబద్ధం ఆడలేవటయ్యా!" అంటూ తల పట్టుకుని మరీ నవ్వారు. నవ్వగా నవ్వగా భుజాలు ఎగిసిపడ్డాయి. గొంతు మారింది. కాసేపటికిగాని అది నవ్వు కాదని సభకు తెలియలేదు.

"దానికి చీకటంటే భయం రా కేసనా" అన్నారు. "దీపం లేకపోతే పడుకునేది కాదు. మట్టి పోస్తుంటే, పక్కన ఒక్క దీపం పెట్టండ్రా అందామనుకున్నాను. రాజును కదా. అనలేదు."

ఆ తర్వాత సభ ఎదుటే బావురుమన్నారు. కోటగోడ నానలేదు.

చాలాసేపటికి మొహం తుడుచుకుని, భట్టుకు శాలువా కప్పించారు. ఖైదులో ముసలివాణ్ణి విడిచిపెట్టమన్నారు. కేసనను దగ్గరికి పిలిచి, వేలి ఉంగరం తీసి ఇచ్చి, "నీ ఏడుపు ఉద్యోగం ఇవాళ్టితో రద్దు" అన్నారు.

"ఉద్యోగం ఊడగొట్టి ఉంగరం పెట్టే ప్రభువును మిమ్మల్నే చూశాను!" అన్నాడు కేసన. రాజుగారు ఎర్రబడ్డ కళ్లతోనే మళ్లీ నవ్వారు.

నొప్పి ఆ రోజుతో మాయమైందని చెబితే మీరు సంతోషిస్తారు గాని, కాలేదు. భట్టు అన్నట్టే ఆ సాయంత్రం ఇంకా ఎక్కువైంది. తరువాత మందుకు కొంత లొంగింది, కొంత లొంగలేదు, మునుపటిలా వారాల తరబడి మాత్రం పట్టి ఉంచలేదు.

ఆ సాయంత్రమే, అంత నొప్పిలోనూ, రాజుగారు దీపం పట్టుకుని తోటలోకి నడిచారు. వెనక కేసన, భట్టు. మంట కదిలినప్పుడల్లా ఆయన ఎడమకన్ను మూతపడి నీరు కారుతోంది.

"ప్రభూ, వెలుతురు మీకు పడదు" అన్నాడు భట్టు. "ఇలా ఇవ్వండి, మీ తరఫున నేను పెడతాను."

"వద్దు భట్టూ" అన్నారు రాజుగారు. మట్టిదిబ్బ దగ్గర మోకాళ్లమీద కూర్చుని, గాలికి చెయ్యి అడ్డం పెట్టి, దీపం తానే నిలబెట్టారు.