తల దగ్గర కొరడా

శాంతవర్మ మహారాజుకు ప్రజల మనశ్శాంతి మీద మహా పట్టుదల. రోజూ పొద్దున్నే ఊరందరిచేతా కోట మైదానంలో శవాసనం వేయించేవాడు. కళ్లు మూసుకుని హాయిగా పడుకోవాలి. రెప్ప అదిరిందా, కొరడా దెబ్బే! ఆ కొరడాతో రాజే స్వయంగా తిరిగేవాడు.

ఆ రోజు పక్కవాడి కేక వినగానే గంపలల్లే పైడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. కిర్రుచెప్పుల చప్పుడు దగ్గరకొచ్చి ఆమె తల దగ్గర ఆగింది. ఎంత బిగబట్టినా రెప్పలు టపటపలాడాయి.

"మనశ్శాంతి లేదేమే నీకు?" అని గద్దించాడు రాజు.

పైడమ్మ లేచి దండం పెట్టింది. "మొద్దుదాన్ని ప్రభూ! తమరొక్కసారి వేసి చూపిస్తే నేర్చుకుంటాను. తల దగ్గర కొరడా పట్టుకుని ఎవరో ఒకరు ఉండాలిగా, అది నాకివ్వండి."

రాజు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ఇంతమందిలో వెనకాడితే పరువేం కాను? రాజు కొరడా ఇచ్చేసి పడుకుని కళ్లు మూశాడు.

పైడమ్మ కొట్టలేదు. కొరడాను నేలమీద ఈడ్చుకుంటూ ఆయన చుట్టూ మెల్లగా నడిచింది. ఆ చప్పుడు తల దగ్గరకొచ్చి ఆగింది.

రాజు నుదుట చెమట పట్టింది. రెప్పలు టపటపలాడాయి. చివరికి ఒక కన్ను తెరిచాడు.

"ఇంకా కొట్టనే లేదు కదా ప్రభూ!" అంది పైడమ్మ.

మర్నాడు రాజు ఒట్టి చేతులతో వచ్చాడు. మైదానమంతా గురకలే.