కిర్రుగుమ్మం అమ్మవారు నోటి చప్పుడుకు నిలిచిన వైనం

ఈ పెంకుటింటి గుమ్మం ముందుకు వచ్చిన భక్తులు కుడిచేత్తో తలుపు తోసి, నోటితో "కిర్ర్ర్" అనాలి. సిగ్గుపడి ఊరుకుంటే దర్శనం ఫలించదు. తాసిల్దారు గారైనా అంతే, కొత్త అల్లుడైనా అంతే.

పూర్వం ఇక్కడ సన్యాసమ్మ అనే ఇల్లాలు కాపురముండేది. గట్టిగా మాట్లాడి ఎరుగదు. అమ్మవారు ఆమె ఇంటి నడవలోనే ఘటం రూపాన వెలసి, ఇంటిపెద్దలా ఉండేవారు. ఆ ఇంటి పనస తలుపులకు చెదలు పట్టి, చెయ్యి వేస్తే పిండి రాలేది. సన్యాసమ్మ వడ్రంగి సింహాచారిని పిలిపించింది.

"తలుపులు కొత్తవి కావాల నాయనా. ఇంటి పోలిక మాత్రం మారకూడదు."

సింహాచారి ద్వారబంధం కదపలేదు. పాత తలుపు మీది చిలకలనే కొత్త చెక్క మీద చెక్కాడు. ఒక చిలకకు ముక్కు విరిగి ఉంటే కొత్త చిలకకూ విరిచి మరీ పెట్టాడు. ఇత్తడి గుబ్బలు పాతవే బిగించాడు. చివరికి తలుపు తిరిగే గుంతల్లో ఆముదం పోసి, "చూడమ్మా, ఈగ వాలినంత చప్పుడైనా రాదు" అని మీసం దువ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం సన్యాసమ్మ కునుకు తీస్తుంటే అమ్మవారు కలలోకి వచ్చారు. మొహం ముడుచుకుని ఉన్నారు.

"ఏమే, పాత తలుపు కిర్రుమంటే ఎవరొచ్చారో తెలిసేది. ఇప్పుడు పిల్లి వచ్చి నా చలిమిడి తినిపోయినా తెలియలేదు. నేను ఇంటికి పెద్దదాన్నా, మూలనున్న కుండనా? శుక్రవారం దీపాల వేళకి నీ తోడికోడలింటికి పోతాను. దాని తలుపు చక్కగా అరుస్తుంది."

సన్యాసమ్మ ఉలిక్కిపడి లేచింది. అమ్మవారు పోవడం ఒక ఏడుపు. పోయి పోయి ఆ తోడికోడలు పోలమ్మ ఇంటికి పోవడం ఇంకో ఏడుపు. పరుగున సింహాచారి దగ్గరకు వెళ్లి, తలుపు కిర్రుమనేలా చెయ్యమని బతిమాలింది.

"ఏటమ్మా ఆ మాట! నా చేతి తలుపు అరిస్తే మా తాత పైనుంచి ఉలి విసురుతాడు" అన్నాడు. కానీ ఆమె కన్నీళ్లు చూడలేక ఆముదం తుడిచాడు, ఇసుక పోశాడు, బూడిద పోశాడు. తలుపు నోరెత్తలేదు. "ఇంత బాగా చేసి చచ్చాను!" అని తల పట్టుకున్నాడు.

శుక్రవారం దీపాలు పెట్టగానే ఘటం తనంతట తానే కదిలి వీధివైపు తిరిగింది. వీధిలో పోలమ్మ అప్పటికే హారతి పళ్లెంతో "రా తల్లీ, రా" అంటోంది. సన్యాసమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. బయటికి ఉరికి, తలుపు మూసి, మళ్లీ తోస్తూ గొంతు చించుకుని "కిర్ర్ర్ర్ర్!" అంది.

ఘటం ఆగింది.

"ఎవరే వచ్చింది?"

"నేనే తల్లీ, సన్యాసమ్మని."

"అరుపు బాగానే ఉంది. రోజూ ఎవరు అరుస్తారు?"

"గడప తొక్కిన ప్రతివాళ్ల చేతా అనిపిస్తాను."

అమ్మవారు నవ్వినారు. ఘటం లోపలికి తిరిగింది. వెలిగించిన హారతి వృథా చేసుకోలేక పోలమ్మే ముందుగా "కిర్రు" మంటూ గడప దాటింది.

నాటినుంచి నేటివరకు గొంతెత్తి కిర్రుమన్న వారి ఇంటికి చుట్టాల రాకకు, పిలుపుకు లోటుండదని నమ్మకం. ఏటా జాతరకు ముందు సింహాచారి వంశంవారే వచ్చి తలుపుకు ఆముదం పోస్తారు. ఆ తలుపు తమ చేతిదని వారు మాత్రం కిర్రుమనరు, గుమ్మంలో నిలబడి దగ్గుతారు. అమ్మవారు దానికీ పలుకుతారు.