సింహాచలం వాటా

నిర్మోహానంద సన్న్యాసం పుచ్చుకుని మూడేళ్లయింది. మేనత్త కొడుకు ఆశ్రమానికి వచ్చేదాకా పేరుకు తగ్గట్టే ఉన్నాడు.

వచ్చినవాడు ఊరికే పోలేదు. "మీ నాన్న జీడితోట మొత్తం మీ తమ్ముడు తవుడి పేర దానపత్రం రాసి రిజిస్ట్రీ చేయించేశాడు" అని చెప్పి, మజ్జిగ తాగి పోయాడు.

ఇక జపం సాగలేదు. మాల తిప్పుతుంటే ఒక్కో పూసా ఒక్కో జీడిచెట్టై వేలికి తగులుతోంది. మాల సంచిలో పడేసి పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయన వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"స్వామీ, ఓసారి ఊరు వెళ్లిరావాలి."

"ఎవరికైనా బాగోలేదా నాయనా?"

"అందరూ బాగానే ఉన్నారు. అదే కదా బాధ!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. అయినా ఆగలేకపోయాడు. "అది తాతలనాటి తోట స్వామీ. అందులో నాకూ వాటా ఉంది. అంతా ఒక్కడికే దానం రాస్తే చెల్లదు. దావా వేస్తాను. తోట మీద ఆశతో కాదు, ధర్మం కోసం!"

"ధర్మం కోసమే," అంటూ స్వామి ఇంకో చిక్కుడుకాయ విరిచారు. "ఎవరి పేరున వేస్తావు?"

"సింహాచలం అనే నా పాత పేరునే. కాగితాల్లో అదే ఉంటుంది కదా."

"అయితే సరే. భోంచేసి బయల్దేరు." వంటింటి వైపు తిరిగి కేకేశారు. "అసిరమ్మా, ఇవాళ గారెలు వెయ్యి."

ఇంత సులువుగా అనుమతి దొరుకుతుందని నిర్మోహానంద అనుకోలేదు. పైగా వీడ్కోలు విందు కూడానా! గుడ్డలు సర్దుకుంటుంటే గారెల వాసన గదిలోకి వచ్చింది. కోర్టులో ఏం చెప్పాలో ఆలోచిస్తున్నవాడు కాస్తా అల్లం పచ్చడి ఉందో లేదో అన్న ఆలోచనలో పడ్డాడు.

పంక్తి కూర్చుంది. అందరి ముందూ ఆకులు పడ్డాయి, ఒక్క తన ముందు తప్ప.

"స్వామీ, నాకు ఆకు వెయ్యలేదు."

"నువ్వెవరు?"

"నేను స్వామీ, నిర్మోహానందని."

"అతనికి ఊళ్లో తోటలూ దావాలూ ఎక్కడివి? ఊరెళ్లేది సింహాచలం కదా."

"అయితే... సింహాచలాన్నే అనుకోండి."

"అతనికి ఎప్పుడో వేశాం. అదిగో."

పెరటిగోడ మీద ఓ ఆకు ఉంది. అందులో అన్నం, అన్నం మీద గారెలు. గోడ చివర కాకి ఒకటి మెడ వంచి చూస్తోంది.

"సన్న్యాసం పుచ్చుకున్న రోజు ఏటి ఒడ్డున నీ చేత్తో నువ్వే అతనికి పిండం పెట్టావు," అన్నారు స్వామి. "పోయినవాణ్ని పంక్తిలో ఎలా కూర్చోబెట్టను?"

పంక్తిలో ఎవరో కిసుక్కుమన్నారు. కాకి ఓ గారెను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. వెంటనే మరో రెండు వచ్చి వాలాయి.

నిర్మోహానందకు నవ్వు రాలేదు.

"తోట పోతే పోయింది స్వామీ. మా నాన్న... నన్నొక్క మాటైనా అడగలేదు. ఆ కాగితంలో నా పేరే లేదట."

స్వామి కలిపిన ముద్ద ఆకులోనే ఉండిపోయింది.

"ఆయనకు ఇద్దరు కొడుకులు నాయనా. ఒకడు పోయాడు. ఉన్నవాడికి రాసుకున్నాడు."

పంక్తి లేచింది. నిర్మోహానంద ఎంగిలాకులు ఎత్తాడు, నేల తుడిచాడు. సర్దిన మూట విప్పి గుడ్డలు దండెం మీద వేశాడు. తర్వాత అరిటాకు ఒకటి తానే కోసి కడుక్కుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు.

అసిరమ్మ అన్నం, చిక్కుడుకాయ కూర వడ్డించి, నొచ్చుకుంటూ నిలబడింది.

"గారెలైపోనాయి బాబూ. మీ వాటా కూడా ఆ సింహాచలమే తినేసినాడు."

"తిననీ అమ్మా," అన్నాడు నిర్మోహానంద, ముద్ద కలుపుకుంటూ.