పూసమ్మ గోళ్ళు ఎక్కడ దాచింది?

ఒకప్పుడు పిల్లి గోళ్ళు ఎప్పుడూ బయటే ఉండేవి. కుక్కకి ఉన్నట్టే, ఎలుగుబంటికి ఉన్నట్టే. లోపలికి ముడుచుకోవడం వాటికి తెలియదు.

ఆ రోజుల్లో పూసమ్మ అనే పిల్లి ఉండేది. పాపం, దానికి ప్రతిదానికీ తికమకే. ఎలుక ఈ కన్నంలో దూరిందా, ఆ కన్నంలోనా? ఎండలో పడుకోనా, నీడలోనా? ఏదీ తేలేది కాదు. తేలనప్పుడల్లా పంజా నోట్లో పెట్టుకుని గోళ్ళు కొరికేది. కటుక్, కటుక్! ఈలోగా ఎలుక ఎటో చక్కా పోయేది.

పూసమ్మకు ఒక్కటే కూన. ముక్కు మీద నల్లచుక్క ఉంది కాబట్టి దాని పేరు నువ్వుగింజ. ఒకరోజు నువ్వుగింజ ఉడతను తరుముతూ వేపచెట్టు చిటారుకొమ్మకు ఎక్కేసింది. ఎక్కడమైతే వచ్చింది, దిగడం రాలేదు. పైన గద్ద చక్కర్లు కొడుతోంది.

"అమ్మా! దించవే!"

పూసమ్మ చెట్టు మీదికి దూకింది. జర్రున జారింది. మళ్ళీ దూకింది, మళ్ళీ జారింది. గోళ్ళుంటే కదా పట్టు దొరకడానికి! అదృష్టం బాగుండి ఎలుగుబంటి మామ అటుగా వచ్చాడు. చెట్టెక్కి కూనను దించాడు.

"ఏమే పూసమ్మా, గోళ్ళన్నీ తినేస్తే బిడ్డనెలా కాపాడుకుంటావే? నేను రేపు ఇప్పపూలకని కొండకు పోతున్నా. గద్ద మళ్ళీ వస్తుంది. ఇక నీదే భారం" అన్నాడు.

పూసమ్మకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది. ఏం చెయ్యాలో తోచలేదు. తోచకపోతే ఏం చేస్తుందో మీకు తెలుసుగా? పంజా నోట్లో పెట్టుకుంది.

"తియ్యి నోట్లోంచి!" అని కసిరింది వేపచెట్టు. "నా ఆకు నూరి గోళ్ళకు పట్టించు. చేదుకి నోరు దగ్గరికే రాదు."

పూసమ్మ అలాగే పట్టించింది. బాగానే ఉంది. కానీ పిల్లి కదా! తిండి తినగానే పంజా నాకి మొహం తుడుచుకోకపోతే దానికి తోచదు. నాకింది. థూ! ఆ పంజాతోనే మొహం రుద్దుకుంది. కళ్ళు మండాయి, మీసాలు పచ్చబడ్డాయి. మొహం పాడైందని మళ్ళీ పంజా నాకి ఇంకా గట్టిగా రుద్దింది. చేదు చెవులదాకా పాకింది. కడుక్కుంటున్నానా, పూసుకుంటున్నానా? దానికే అర్థం కాలేదు. ముద్దుగా అమ్మ మొహం నాకిన నువ్వుగింజ, నాలుక బయటపెట్టి పరుగో పరుగు.

"నావల్ల కాదు వేపమ్మా!" అని పూసమ్మ ఏడ్చేసింది. "ఎప్పుడు కొరుకుతానో నాకే తెలీదు. ఏం తోచక దిక్కులు చూస్తుంటే ఎదురుగా గోళ్ళే కనిపిస్తాయి."

"అయితే కనిపించకుండా పెట్టు. మరీ తోచకపోతే నా బెరడు గీకు. నాకూ వీపు దురదగానే ఉంది."

కనిపించకుండానా? ఎక్కడ పెట్టాలి? పంజాలు ఇసుకలో కప్పెట్టింది. అలా కప్పెట్టుకుని నడిచేదెలా? పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది. హాయిగా నిద్ర పట్టేసింది. చివరికి విసుగొచ్చి గోళ్ళను వెనక్కి లాగి, వేళ్ళ సందున మెత్తటి బొచ్చులో ముడిచింది. అరె, పట్టాయే!

ఆ రోజు నుంచి తికమక పుడితే చాలు, వేపచెట్టు దగ్గరికి పరిగెత్తేది. బరబరా గీకేది. పాత గోటి పెంకులు ఊడి బెరడులో ఉండిపోయేవి. వాటి కింద కొత్త గోళ్ళు నున్నగా, వాడిగా వచ్చేవి. గీకడం అవ్వగానే వాటిని లోపల దాచేసేది.

వానాకాలం రాకముందే గద్ద వచ్చింది. నువ్వుగింజ మళ్ళీ చిటారుకొమ్మ మీదే ఉంది. బుద్ధి చెబితే వింటే కదా!

"అమ్మా!"

పూసమ్మకు మళ్ళీ తికమక. ఎక్కనా? అరవనా? మామ కోసం పోనా? అలవాటు చొప్పున పంజా నోటిదాకా వచ్చింది. చూస్తే కొరకడానికి ఏమీ లేదు, ఉత్త బొచ్చు! ఏం చెయ్యాలో తోచక, రోజూలాగే బెరడు మీద పంజా వేసింది.

గోళ్ళు టక్కున బయటికొచ్చాయి. పట్టు దొరికింది. ఆ తర్వాత ఆలోచించడానికి తీరికెక్కడిది? పూసమ్మ సరసరా పైకి పాకింది. కూన మీదికి వాలబోతున్న గద్ద రెక్క మీద ఒక్కటి చరిచింది. ఈకలు రాలాయి. గద్ద కీచుమంటూ కొండల వైపు పోయింది. పూసమ్మ కూనను నోట కరుచుకుని, వెనక్కి వెనక్కి దిగింది.

దిగాక దాన్ని ముద్దుపెట్టుకోవాలో, నాలుగు తగిలించాలో తేలలేదు. రెండూ చేసింది. గోళ్ళు మాత్రం లోపలే ఉంచి.

అప్పటినుంచే పిల్లి గోళ్ళు లోపల దాచుకుంటుంది, అవసరమైతేనే బయటికి తీస్తుంది. దాని తికమక మాత్రం ఇవాళ్టికీ పోలేదు. తలుపు తీస్తే లోపలికి రాదు, బయటికి పోదు. గడపలో నిలబడి తలుపు చెక్కను బరబరా గీకుతుంది. దాన్ని కసరకండి పిల్లలూ. గోళ్ళు కొరుక్కోవడం మానేసిన తల్లి అది.