ఇసుకలో పడ్డ ఆవకాయ ఉప్పు

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి ఒడ్డున, ఒక కమ్మరి ఇల్లు ఉండేదిట. ఇంటాయన కన్నయ్య, ఆయన భార్య అప్పలనరసమ్మ, వాళ్ళ కూతురు నూకాలు. నూకాలుకి నడక రాదు, పరుగే. ఎవర్ని చూసి అంటున్నానో నీకు తెలుసులే, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

వానలు ముదిరితే కొలిమికి పనుండదు. అప్పుడు ఆ ఇంట్లో కూరేదీ ఉండదు, అన్నంలోకి ఆవకాయే.

ఆ రోజు ఆవకాయ పెట్టే రోజు. ముక్కలు కొట్టేశారు. కారం, ఆవపిండి, నూనె సిద్ధం. అప్పలనరసమ్మ ఉప్పు ఎండబెట్టి, దంచి, చేటలో పోసి అరుగు మీద పెట్టింది. అప్పుడు మన నూకాలు దూసుకొచ్చి చేటని తన్నేసింది. ఉప్పంతా కొలిమి ముందు ఇసుకలో పడింది. ఆ ఇసుకనిండా ఆకురాయితో రాకినప్పుడు రాలిన ఇనప రజను, ఎండిన వేపాకు.

ఇరుగుపొరుగు ఉప్పు అప్పటికే వాళ్ళ జాడీల్లోకి వెళ్ళిపోయింది. ఉప్పుబండి మళ్ళీ వారానికిగానీ రాదు. కోసిన ముక్కలు అన్నాళ్ళు ఆగుతాయా?

"ఈ ఏడు మనకి ఆవకాయ లేదు," అని అప్పలనరసమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నూకాలుకీ ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూచుంటే ఉప్పు లేచి వస్తుందా? అంతా చేటలోకి ఎత్తింది.

ముందు జల్లెడ పట్టింది. ఉప్పూ సన్నమే, ఇసుకా సన్నమే, రెండూ కలిసి దిగిపోయాయి. పైన వేపాకు మాత్రం మిగిలింది. పోనీలే, అదొకటి వదిలింది అనుకుంది.

అప్పుడు వాళ్ళ నాన్న దగ్గరున్న సూదంటురాయి తెచ్చి, గుడ్డ చుట్టి, చేటలో తిప్పింది. రజనంతా గుడ్డకి అంటుకుంది. ఇనుము తడిస్తే తుప్పు పడుతుందని కమ్మరిపిల్లకి వేరే చెప్పాలా, అందుకే దాన్ని ముందే తీసేసింది.

ఆ తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చింది. వాళ్ళమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఆవకాయ ఉప్పుకి నీళ్ళా? చుక్క తగిలినా బూజు పడుతుందే."

"ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు కదమ్మా. ఆ తర్వాత నీళ్ళని నాన్న కొలిమి తాగేస్తుంది," అంది నూకాలు.

అది విని కన్నయ్య లేచి కొలిమి రాజేశాడు.

నూకాలు నీళ్ళు పోసి కలిపి, ఇసుక అడుక్కి దిగేదాకా కదలకుండా కూచుంది. నడకే రాని పిల్ల, ఆగింది చూశావా. పైన తేరిన నీళ్ళని పాత పంచెలో వడకట్టి, బాణలిలో పోసి, కొలిమి మీద పెట్టింది. నీళ్ళు ఇగిరి ఇగిరి, అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది. అప్పలనరసమ్మ దాన్ని పొడిపొడిగా వేయించి, దంచి, దీపాలవేళకి ముక్కల్లో కలిపింది.

మూడోనాడు జాడీ తీశారు. కన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లిగా నమిలాడు. ఎక్కడ ఇసుక కరకరలాడుతుందోనని తల్లీకూతుళ్ళు ఊపిరి బిగబట్టి ఆయన దవడ వంకే చూశారు. ఆయన మింగి, కంచం ముందుకి జరిపి, "ఇంకాస్త వెయ్యి, నూకాలూ," అన్నాడు.

వేపాకు గాలికి, ఇసుక వాకిలికి,
ఇనుము కొలిమికి, ఉప్పు జాడీకి,
కథేమో కంచికి, నా బంగారు నిద్దరకి.